పాత కంప్యూటరుకు కొత్త మెమొరీ: ఏది పొసగును, ఏది పొసగదు?

సికిందరాబాదు రైల్వే స్టేషనును ఆనుకొని రెజిమెంటల్ బజారు ఉన్నది. పటాలము పేరు మోసిన ఈ పాత పేట నుండి పార్క్ లేన్ మీది చెనాయ్ ట్రేడ్ సెంటరుకు నడచి పోవచ్చును. కంప్యూటరు భాగములు కొనవలెనన్నా, పాతవి బాగు చేయించవలెనన్నా, జంటనగరముల వారికి మొదట గుర్తుకు వచ్చు చోటు అదియే. ఇండ్లలో, చిన్న దుకాణములలో, బడులలో పదేండ్లుగా పనిచేయుచున్న కంప్యూటర్లు మన ప్రాంతములో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. అవి నెమ్మదించినపుడు సాధారణముగా వినవచ్చు సలహా ఒక్కటే: “ర్యామ్ పెంచండి, సరిపోతుంది.”

ఈ సలహా చాలాసార్లు మంచిదే. కాని ఏ ర్యామ్? ఎంత? ఏ యంత్రమునకు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండ కొన్నచో డబ్బు వ్యర్థమగును. ఒక్కొక్కప్పుడు యంత్రమునకే హాని కలుగును. 2025 చివరి నెలలలో ప్రపంచమంతట మెమొరీ ధరలు ఒక్కసారిగా పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు నిర్మించుచున్న మహా గణన కేంద్రములు మెమొరీ చిప్పులను పెద్ద ఎత్తున కొనుటయే ఇందుకు ముఖ్య కారణము. అదే సంవత్సరము అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసినది. కనుక పది కంప్యూటర్లున్న ఒక బడి ప్రయోగశాలను నిలబెట్టవలెనా, పక్కన పెట్టవలెనా అని ఆలోచించు ఉపాధ్యాయునికి ఈ విషయము కేవలము కుతూహలముతో తెలుసుకొనదగినది మాత్రమే కాదు. చేతిలోని కొద్దిపాటి నిధిని ఎట్లు ఖర్చుపెట్టవలెనో చెప్పునట్టిది.

మెమొరీ చేయు పని

కంప్యూటరులో లెక్కలు చేయునది ప్రాసెసరు. అది పని చేయుటకు కావలసిన ఆజ్ఞలు, అంకెలు ఎప్పటికప్పుడు అందుబాటులో ఉండవలెను. అవి తాత్కాలికముగా నిలువయుండు చోటే మెమొరీ, అనగా ర్యామ్. శాశ్వతముగా దాచుకొను చోటు హార్డ్‌డిస్కు. ఉపాధ్యాయుని బల్లను, గదిలోని బీరువాను తలచుకొనండి. దిద్దుచున్న పుస్తకములు బల్లమీద ఉంటవి. మిగిలినవి బీరువాలో ఉంటవి. బల్ల చిన్నదైనచో, ఒక పుస్తకము తీయుటకు మరియొకటి బీరువాలో పెట్టి రావలసి ఉంటుంది. దిద్దుట కంటె తిరుగుటకే ఎక్కువ సమయము పట్టును.

కంప్యూటరులో ఈ తిరుగుడు ఎంత ఖరీదైనదో అంకెలలో చూతము. మెమొరీ నుండి ఒక విషయము అందుటకు సుమారు 100 నానోసెకండ్లు పడుతుంది. తిరిగెడి పళ్ళెములుగల హార్డ్‌డిస్కు నుండి అందుటకు సుమారు 10 మిల్లీసెకండ్లు పడుతుంది. రెండవది మొదటిదానికి లక్ష రెట్లు. బల్లమీది పుస్తకము తీయుటకు ఒక సెకండు పట్టినదనుకొంటే, బీరువా నుండి తెచ్చుటకు 27 గంటల 47 నిమిషములు పట్టునన్నమాట! మెమొరీ చాలనప్పుడు కంప్యూటరు నిలిచిపోయినట్లు కనిపించుటకు కారణము ఇదే.

కాబట్టి మొట్టమొదట తెలుసుకొనవలసినది, మన యంత్రము నెమ్మదించుటకు నిజముగా మెమొరీ కొరతయే కారణమా అన్నది. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరచి, రోజూ వాడు ప్రోగ్రాములన్నీ నడుపుచు మెమొరీ వాడకమును గమనించవలెను. అది నూటికి తొంబది దాటుచు, డిస్కు ఎడతెగక పనిచేయుచున్నచో మెమొరీ చాలుట లేదు. మెమొరీ సగము ఖాళీగా ఉండి యంత్రము నెమ్మదిగా ఉన్నచో, ఎంత ర్యామ్ చేర్చినా ప్రయోజనము లేదు.

ఇనుప ఉంగరముల నుండి సిలికాను గదులకు

మెమొరీ పొసగుట, పొసగకపోవుట అర్థము కావలెనంటే, దాని నిర్మాణము కొంత తెలియవలెను. మన హైదరాబాదునకు ఈ చరిత్రలో స్థానమున్నది. 1967లో ఇక్కడ స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు ఆద్యుడు అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రములో రూపొంది 1969లో వెలువడిన టి.డి.సి.-12 అను కంప్యూటరును తరువాత ఈ సంస్థ తయారుచేసినది. దాని పేరులోని 12 అను అంకె, అది ఒక్కసారి చేపట్టు మాటలో 12 బిట్లు ఉంటవని తెలుపును. ఆ కాలపు కంప్యూటర్లలో మెమొరీగా వాడినది సన్నని తీగెలమీద గ్రుచ్చిన ఫెర్రైటు ఉంగరములను. ఒక్కొక్క ఉంగరము ఒక్కొక్క బిట్టు. ఉంగరములోని అయస్కాంతత్వము ఒక దిశలో ఉన్నచో 1, ఎదుటి దిశలో ఉన్నచో 0. విద్యుత్తు పోయినను అందులోని విషయము చెరిగిపోదు. కాని చదివినప్పుడు మాత్రము చెరిగిపోవును. వెంటనే తిరిగి వ్రాయవలసి ఉండును.

ఈ పద్ధతికి స్వస్తి చెప్పినది ఐ.బి.ఎం. సంస్థలోని రాబర్ట్ డెన్నార్డ్. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిసి ఒక బిట్టును నిలువ చేయగలవని ఆయన చూపినాడు. 1968లో ఆయనకు పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ 1,024 బిట్ల చిప్పును విపణిలోకి తెచ్చినది. కెపాసిటరు ఒక చిన్న కుండ వంటిది. అందులో విద్యుదావేశము ఉన్నచో 1, లేనిచో 0. అయితే ఈ కుండకు సన్నని చిల్లు ఉన్నది. ఆవేశము కారిపోక మునుపే దానిని తిరిగి నింపుచుండవలెను. నేటి మెమొరీలో ప్రతి గదిని మామూలుగా 64 మిల్లీసెకండ్లలోగా ఒకసారి ఇట్లు నింపవలెను. 8 గిగాబైట్ల ఒక ర్యామ్‌లో ఇటువంటి గదులు సుమారు 6,872 కోట్లు ఉంటవి.

ఇన్ని కోట్ల గదులకు చిరునామాలు ఇచ్చి, వేళకు నింపి, అడిగినప్పుడు తెచ్చి ఇచ్చు అధికారి ఒకడు ఉండవలెను గదా! అతనినే మెమొరీ కంట్రోలరు అంటారు. పూర్వము ఇది మదర్‌బోర్డు మీది చిప్‌సెట్టులో ఉండేది. ఎ.ఎం.డి. సంస్థ 2003లోను, ఇంటెల్ సంస్థ 2008లోను దీనిని తమ డెస్క్‌టాపు ప్రాసెసర్ల లోపలికి తెచ్చినవి. అది ఎక్కడ ఉన్నను, తయారైన రోజున దానికి నేర్పినదే దానికి వచ్చును. తరువాత పుట్టిన మెమొరీ భాష దానికి తెలియదు. పొసగుట, పొసగకపోవుట అనునది అంతయు ఈ కంట్రోలరుకు, ర్యామ్‌కు మధ్య గల సంబంధమే.

మొదటి నిబంధన: తరము

సికిందరాబాదునకు 1874లో వాడి నుండి బ్రాడ్‌గేజి రైలు వచ్చినది. 1900 ప్రాంతమున గోదావరి లోయ మీదుగా మన్మాడు వైపు వేసినది మీటరు గేజి. మొదటిదానిలో పట్టాల మధ్య దూరము 1.676 మీటర్లు, రెండవదానిలో ఒక మీటరు. రెండును రైలు దారులే. రెండును ఒకే పట్టణమునకు వచ్చినవి. కాని ఒకదాని పెట్టె మరియొకదానిపై నడవదు. ఆ మీటరు గేజి దారి బ్రాడ్‌గేజికి మారువరకు ఈ చిక్కు తీరలేదు. మెమొరీలోని తరములు కూడ ఇట్టివే.

డెస్క్‌టాపు యంత్రములలో వాడిన తరములు ఇవి:

డి.డి.ఆర్. — ప్రమాణము 2000; 184 పిన్నులు; 2.5 వోల్టులు.
డి.డి.ఆర్.2 — 2003, 240 పిన్నులు, 1.8 వోల్టులు.
డి.డి.ఆర్.3 — 2007, 240 పిన్నులు, 1.5 వోల్టులు.
డి.డి.ఆర్.4 — 2012, 288 పిన్నులు, 1.2 వోల్టులు.
డి.డి.ఆర్.5 — 2020, 288 పిన్నులు, 1.1 వోల్టులు.

రెండవ, మూడవ తరములకు పిన్నుల సంఖ్య ఒకటే. నాలుగవ, ఐదవ తరములకు కూడ ఒకటే. అంతమాత్రమున ఒకటి మరియొకదానికి బదులు కాదు. వోల్టేజి వేరు, సంకేతముల క్రమము వేరు. పొరపాటున దూర్చకుండుటకై ర్యామ్ అడుగు అంచున ఒక గాటు ఉంటుంది. ప్రతి తరమునకు ఆ గాటు స్థానము మారును. స్లాటులోని ఉబ్బు ఆ గాటులో కుదిరిననే ర్యామ్ లోపలికి దిగును. దిగకున్న బలప్రయోగము చేయరాదు. “ఇది నాది కాదు” అని యంత్రము చెప్పుచున్నదని గ్రహించవలెను.

ల్యాపుటాపుల ర్యామ్ పొట్టిది. డెస్క్‌టాపు ర్యామ్ పొడవు 133.35 మిల్లీమీటర్లు కాగా, ల్యాపుటాపుది దాదాపు అందులో సగము. మూడవ తరమునకు 204, నాలుగవ తరమునకు 260, ఐదవ తరమునకు 262 పిన్నులు ఉంటవి. పలుచని ల్యాపుటాపులు కొన్నిటిలో మెమొరీని మదర్‌బోర్డుకే టంకము వేసి అతికిస్తారు. అట్టివానిలో మార్చుటకు వీలు లేదు. కొనుటకు ముందు ఇది చూచుకొనవలెను.

రెండవ నిబంధన: వోల్టేజి

ఒకే తరములో కూడ ఒక చిన్న భేదమున్నది. డి.డి.ఆర్.3కి 1.5 వోల్టులు కావలెను. దానికి తమ్ముని వంటిది డి.డి.ఆర్.3ఎల్, దీనికి 1.35 వోల్టులు చాలును. విద్యుత్ వ్యయము సుమారుగా వోల్టేజి వర్గమును అనుసరించును. 1.35ను 1.5తో భాగించి వర్గము చేసిన 0.81 వచ్చును. అనగా నూటికి దాదాపు 19 పాళ్ళు ఆదా. అందుచేతనే 2013 నాటి నాలుగవ తరము ఇంటెల్ కోర్ ల్యాపుటాపులు ఈ రకమునే కోరినవి.

ఈ రెండింటికి గాటు ఒకే చోట ఉంటుంది. స్లాటులో రెండును దిగును. 1.35 వోల్టుల ర్యామ్‌ను 1.5 వోల్టుల యంత్రములో పెట్టవచ్చును. అది రెండింటిని ఓర్చునట్లు తయారైనది. కాని 1.35 వోల్టులు మాత్రమే ఇచ్చు యంత్రములో 1.5 వోల్టుల ర్యామ్ పెట్టినచో సాధారణముగా యంత్రము మేలుకొనదు. 2015 నాటి ఆరవ తరము ప్రాసెసర్లకు డి.డి.ఆర్.3ఎల్ గాని, డి.డి.ఆర్.4 గాని మాత్రమే వాడవలెనని ఇంటెల్ చెప్పినది. ఎక్కువ వోల్టేజి ర్యామ్ వలన కంట్రోలరు చెడు ప్రమాదమున్నది. గాటు కుదిరినంత మాత్రమున అంతా కుదిరినట్లు కాదని దీనివలన తెలియుచున్నది.

మూడవ నిబంధన: చిప్పు సాంద్రత

అందరిని తికమక పెట్టునది ఇదే. రెండు ర్యామ్‌లు ఉన్నవనుకొనండి. రెండును డి.డి.ఆర్.3, రెండును 4 గిగాబైట్లు, వేగము, వోల్టేజి, గాటు ఒకటే. ఒకటి పాత యంత్రములో చక్కగా పనిచేయును. మరియొకటి పనిచేయదు. కారణమేమి?

ర్యామ్‌ను చేతిలోకి తీసుకొని చిప్పులను లెక్కింపుడు. ఒకదానిపై ఇరువైపుల కలిపి 16 చిప్పులు ఉంటవి; ఒక్కొక్కటి 2 గిగాబిట్లు. రెండవదానిపై 8 చిప్పులే ఉంటవి. ఒక్కొక్కటి 4 గిగాబిట్లు. 16ను 2తో గుణించినను, 8ని 4తో గుణించినను 32 గిగాబిట్లే. 8 బిట్లు ఒక బైటు కనుక రెండును 4 గిగాబైట్లే.

కాని చిరునామాల సంగతి వేరు. ఒక చిప్పులోని గదులు గళ్ళ కాగితము వలె అడ్డు వరుసలలోను, నిలువు వరుసలలోను ఉంటవి. ఇట్టి కాగితములు ఎనిమిది కలిపి ఒక చిప్పు. ఒక్కొక్క కాగితమును బ్యాంకు అంటారు. కంట్రోలరు మొదట బ్యాంకు సంఖ్యను, అడ్డు వరుస సంఖ్యను పంపును. పిమ్మట అవే తీగెలమీద నిలువు వరుస సంఖ్యను పంపును. ఒక్కొక్క చిరునామాలో 8 బిట్లు దాచు 2 గిగాబిట్ల డి.డి.ఆర్.3 చిప్పులో అడ్డు వరుసకు 15 బిట్లు, నిలువు వరుసకు 10, బ్యాంకుకు 3 — మొత్తము 28 బిట్ల చిరునామా. 2ను 28 సార్లు గుణించిన సుమారు 26.8 కోట్ల చిరునామాలు వచ్చును. 4 గిగాబిట్ల చిప్పులో చిరునామాలు దీనికి రెట్టింపు. కనుక చిరునామాలో ఇంకొక బిట్టు కావలెను. ఆ బిట్టును అడ్డు వరుసకు చేర్చినారు. అది 16 బిట్లయినది.

4 గిగాబిట్ల చిప్పు వాడుకలోకి రాకమునుపే రూపొందిన కంట్రోలరుకు ఆ కొలత తెలియదు. పదిహేను అంకెల వరకే వ్రాయ నేర్చినవానికి పదహారంకెల ఇంటి నంబరు ఇచ్చినట్లు ఉంటుంది. ఇంటెల్ జి41 చిప్‌సెట్టుగల మదర్‌బోర్డులలోను, మొదటి తరము కోర్ ప్రాసెసర్లుగల యంత్రములలోను 2 గిగాబిట్ల చిప్పులే హద్దు. వీనిలో 16 చిప్పుల 4 గిగాబైట్ల ర్యామ్ పనిచేయును. 8 చిప్పులది పెట్టినచో యంత్రము మేలుకొనదు, లేదా సగము మాత్రమే గుర్తించును. 2 గిగాబిట్ల చిప్పులు వాడిన 16 చిప్పుల ర్యామ్ లేబులుపై ‘2ఆర్‌ఎక్స్8’ అనియు, 8 చిప్పుల దానిపై ‘1ఆర్‌ఎక్స్8’ అనియు సాధారణముగా ఉంటుంది. మొదటి అంకె చిప్పుల బృందముల సంఖ్యను, చివరి అంకె ఒక చిప్పు ఒక్కసారి అందించు బిట్ల సంఖ్యను తెలుపును.

డి.డి.ఆర్.2లో కూడ ఇట్టి చిక్కున్నది. మిగిలినవానికంటె చౌకగా దొరకు 4 గిగాబైట్ల డి.డి.ఆర్.2 ర్యామ్‌లు కొన్ని ‘ఎ.ఎం.డి. యంత్రములకు మాత్రమే’ అను సూచనతో అమ్ముడగుచుండినవి. వానిలో నిలువు వరుసకు 10కి బదులు 11 బిట్లు వాడినారు. ఎ.ఎం.డి. కంట్రోలరు దీనిని గ్రహించును. ఆ కాలపు ఇంటెల్ చిప్‌సెట్లు గ్రహింపలేవు. ధర తక్కువగా ఉన్నచోట లేబులును రెండుసార్లు చదువుట మేలు.

చిప్పు సాంద్రతకు తోడు, మొత్తము మీద కూడ ఒక హద్దు ఉంటుంది. జి31 చిప్‌సెట్టుకు 4 గిగాబైట్లు, జి41కి 8, హెచ్61కి 16 గరిష్ఠ పరిమితులు. కాని మదర్‌బోర్డు తయారుచేసినవారు ఇంతకంటె తక్కువ పరిమితి పెట్టియుండవచ్చును. కనుక బోర్డు పేరును బట్టి దాని వివరణ పుస్తకములో చూచుటయే ఉత్తమము.

నాలుగవ నిబంధన: సర్వరు ర్యామ్, ఇంటి ర్యామ్

పెద్ద కార్యాలయముల సర్వర్ల నుండి తీసిన ర్యామ్ పాత సామానుల విపణిలో చౌకగా దొరకుచుండును. మన డెస్క్‌టాపు ర్యామ్ ఒక్కసారి 64 బిట్లను అందించును. సర్వరు ర్యామ్ 72 బిట్లను అందించును; ఎక్కువైన 8 బిట్లు తప్పులను పట్టి దిద్దుటకు. అదిగాక రిజిస్టర్డ్ రకములో కంట్రోలరుకు, చిప్పులకు మధ్య రిజిస్టరు అను వేరొక చిప్పు ఉండి ఆజ్ఞలను అందుకొని పంపుచుండును. సాధారణ డెస్క్‌టాపు కంట్రోలరు ఈ మధ్యవర్తితో మాటలాడలేదు. మూడవ, నాలుగవ తరములలో ఈ ర్యామ్ గాటు కూడ డెస్క్‌టాపు ర్యామ్ గాటువలెనే ఉండుటచేత స్లాటులో దిగును, కాని పనిచేయదు.

ఐదవ నిబంధన: వేగము, జంట

ర్యామ్‌పై 1333, 1600, 3200 వంటి అంకెలు ఉంటవి. ఇవి ఒక్కొక్క తీగెపై సెకండునకు ఎన్ని మిలియన్ల బిట్లు పోవునో తెలుపును. మార్గము వెడల్పు 64 బిట్లు, అనగా 8 బైట్లు. కనుక 1600ను 8తో గుణించిన 12,800 మెగాబైట్లు. ‘పి.సి.3-12800’ అని లేబులుపై ఉండునది ఇదే. రెండు పేర్లు చూచి రెండు వేరు వస్తువులని భ్రమపడరాదు.

ప్రతి ర్యామ్‌పై ఎస్.పి.డి. అను చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. ర్యామ్ తరము, పరిమాణము, వేగము, వేచియుండవలసిన కాలములు అందులో వ్రాసియుంటవి. స్విచ్చి వేయగానే యంత్రము దీనిని చదువుకొని, అన్ని ర్యామ్‌లకు కుదురు వేగమును నిర్ణయించును. 1333 వేగము కలదానిని, 1600 వేగము కలదానిని కలిపి పెట్టినచో రెండును 1333లోనే నడచును. దీనిలో నష్టమేమియు లేదు. వేగము భేదించినంత మాత్రమున పొసగదనుట సరికాదు.

అడిగిన వరుస సిద్ధముగా ఉన్నపుడు దానినుండి మొదటి అక్షరము అందువరకు వేచియుండు కాలమును లెక్కించుట ఆసక్తికరమైనది. 1600 ర్యామ్‌లో గడియారపు ఒక్కొక్క తట్టు 1.25 నానోసెకండ్లు, 11 తట్లు ఆగవలెనన్నచో 13.75 నానోసెకండ్లు. 3200 వేగముగల నాలుగవ తరము ర్యామ్‌లో ఒక్కొక్క తట్టు 0.625 నానోసెకండ్లు, 22 తట్లు ఆగవలెనన్నచో అదియు 13.75 నానోసెకండ్లే! వేగము రెట్టింపైనను మొదటి నిరీక్షణ తగ్గలేదు; ఆ పైన వచ్చు ప్రవాహము మాత్రమే హెచ్చినది. కనుక పాత యంత్రమునకు వేగముకంటె పరిమాణమే ముఖ్యము.

1990ల నాటి పెంటియం యంత్రములలో 72 పిన్నుల ర్యామ్‌లను తప్పక జంటలుగా పెట్టవలసి ఉండేది. ర్యామ్ వెడల్పు 32 బిట్లు, ప్రాసెసరు మార్గము 64 బిట్లు. రెండు కలసిననే మార్గము నిండును. తరువాతి యంత్రములలో ఒక్కటి పెట్టినను పనిచేయును. అయితే రెండు దారులున్న యంత్రములో 8 గిగాబైట్లది ఒక్కటి పెట్టుటకంటె, 4 గిగాబైట్లవి రెండు పెట్టిన ఒకేసారి 128 బిట్లు అందును.

ఆరవ నిబంధన: విండోస్ వెడల్పు

యంత్రము ఒప్పుకొన్నను, దానిపై నడచు ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకొనవలెను. 32 బిట్ల చిరునామాతో 429 కోట్ల బైట్లను, అనగా 4 గిగాబైట్లను మాత్రమే పిలువవచ్చును. అందులో కొంతభాగము గ్రాఫిక్స్ మొదలగు పరికరములకు పోవును. కనుక సామాన్యమైన 32 బిట్ల విండోస్‌లో వాడుటకు మిగులునది 3 నుండి 3.5 గిగాబైట్లే. 8 గిగాబైట్లు పెట్టినను మిగిలినది వృథా. ముందు 64 బిట్ల సిస్టమ్ ఎక్కించవలెను.

ఇది బడులకు ఎంత ముఖ్యమో మన రాష్ట్రముల అనుభవమే చెప్పును. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరములతో కంప్యూటరు ప్రయోగశాలలను ఏర్పరచు పథకము మొదలైనది. ఈ పద్ధతిలో ఒక కంప్యూటరుకు చాల తెరలు, కీబోర్డులు కలిపి, పలువురు పిల్లలు ఒకేసారి పనిచేయుదురు. ప్రాసెసరును పంచుకొనుట సులభము; ఒకని పని ఆగినపుడు మరియొకని పని చూచును. మెమొరీని మాత్రము అట్లు పంచుకొన వీలులేదు. ప్రతి పిల్లవాని పనికి వేరుగా చోటు కావలెను. ఉదాహరణకు, 2 గిగాబైట్ల యంత్రములో సిస్టమ్‌కు అర గిగాబైటు పోగా, ఐదుగురికి తలకు 300 మెగాబైట్లు మాత్రమే మిగులును. ఇట్టిచోట మెమొరీ చేర్చిన ఫలితము ఐదుగురికి కనబడును. కాని 32 బిట్ల హద్దు దాటిన పిమ్మట చేర్చినది ఎవరికిని అందదు.

కొనుటకు ముందు, అమర్చునపుడు

మొదట యంత్రములో ఉన్నదేమో వ్రాసికొనవలెను. ప్రాసెసరు పేరు, మదర్‌బోర్డు పేరు, ఉన్న ర్యామ్ తరము, స్లాటులు ఎన్ని, ఎన్ని ఖాళీ — ఇవన్నీ టాస్క్ మేనేజరులోను, ఉచితముగా దొరకు సి.పి.యు.-జెడ్ వంటి ప్రోగ్రాములోను తెలియును. పాత ర్యామ్‌ను జాగ్రత్తగా కాగితములో చుట్టి దుకాణమునకు వెంట తీసుకొనిపోవుట మంచిది. అటువంటిదే, అన్ని చిప్పులే ఉన్నది అడుగవలెను. పొసగకున్న మార్చి ఇచ్చునట్లు బిల్లుపై వ్రాయించుకొనవలెను.

అమర్చునపుడు విద్యుత్ తీగెను గోడ నుండి తీసివేయవలెను. ల్యాపుటాపైనచో బ్యాటరీని కూడ విడదీయవలెను. ఒంటిలోని స్థిరవిద్యుత్తు చిప్పులకు హానికరము కనుక క్యాబినెట్టు లోహభాగమును ఒకసారి తాకవలెను. ర్యామ్‌ను అంచులు పట్టుకొనవలెను. బంగారుపూత గల పిన్నులను వ్రేళ్ళతో ముట్టరాదు. గాటు సరిచూచి, రెండు కొనలు సమముగా నొక్కిన గొళ్ళెము టక్కున పడును. తెర వెలుగక బీపు శబ్దములు వచ్చినచో తీసి మరల పెట్టి చూడవలెను. చాలసార్లు దుమ్మే కారణము. యంత్రము లేచిన తరువాత మెమ్‌టెస్ట్86+ అను ఉచిత ప్రోగ్రామును ఒక రాత్రి నడిపిన, లోపమున్న గదులు బయటపడును. ఒక్క తప్పు చూపినను ఆ ర్యామ్‌ను మార్పించుకొనవలెను. చెడిన ర్యామ్ పిల్లల పరీక్ష మార్కుల పట్టికలో ఒక అంకెను మార్చివేసినను ఎవరికిని తెలియదు.

ఎప్పుడు కొనరాదు?

మెమొరీ సర్వరోగనివారిణి కాదు. విండోస్ 11కి 4 గిగాబైట్ల మెమొరీతో బాటు టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు, ఆమోదించిన ప్రాసెసరు కావలెను. ఎనిమిదవ తరమునకు పూర్వపు ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు, కొద్ది మినహాయింపులు తప్ప, ఆ పట్టికలో లేవు. 16 గిగాబైట్లు పెట్టినను అర్హత రాదు. అట్టి యంత్రములకు లినక్సు ఎక్కించి, 4 లేదా 8 గిగాబైట్ల మెమొరీతో బడి పనులకు ఇంకను కొన్నేండ్లు వాడుకొనవచ్చును. హార్డ్‌డిస్కు పాతదైనచో దానికి బదులు ఎస్.ఎస్.డి. పెట్టిన, అదే ఖర్చుకు ఒక్కొక్కప్పుడు ఎక్కువ ఫలితము కలుగును. రెండవ తరము మెమొరీ యంత్రములపై పెద్ద మొత్తము ఖర్చుచేయుట మాత్రము తగదు. వానిని చెత్తలో పడవేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన పునర్వినియోగ సంస్థలకు అప్పగించవలెను.

పనికిరాని ర్యామ్ ఒకటి తరగతిలో ఉంచుకొనుట మాత్రము మంచిది. విద్యార్థులు దానిని పరిశీలించి ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పవలెను. గాటు ఎక్కడ ఉన్నది, అది ఏ తరము? చిప్పులు ఎన్ని? అది 2 గిగాబైట్లదైనచో ఒక్కొక్క చిప్పులో ఎన్ని బిట్లు? ఆ చిప్పు ఒక్కొక్క చిరునామాలో 8 బిట్లు దాచునదైనచో, చిరునామాకు ఎన్ని బిట్లు కావలెను? ఎనిమిది చిప్పులైనచో చివరి జవాబు 28, పదహారైనచో 27. లేబులు చూడకనే ఈ లెక్క కట్టగలిగిన విద్యార్థి, ఏ దుకాణమునకు వెళ్ళినను తనకు కావలసినదే తెచ్చుకొనగలడు.